ఆషాఢానికి వెళ్ళిన గిటారు

మంజీరకు పెళ్ళయి యాభై మూడు రోజులయింది. ఈ యాభై మూడు రోజుల్లో ఆమెకు దొరికిన ఆనందాలు ఇన్నీ అన్నీ కావు. ఒకే గ్లాసులో రెండు టూత్ బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండడం ఒక ఆనందం. తను పెట్టిన కాఫీలో పంచదార మరిచిపోయినా మొగుడు కిక్కురుమనకుండా తాగేయడం ఇంకో ఆనందం. కుక్కరు కూత వెయ్యగానే వంశధర్ పుస్తకంలోంచి తలెత్తకుండా "ఇది గాంధారం. కాస్త తగ్గింది, రబ్బరు మార్చాలి" అనడం అన్నిటికన్నా పెద్ద ఆనందం. వంశధర్ విజయనగరంలో ఓ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. చెప్పని వేళల్లో గిటారు వాయిస్తాడు. వాయించేవాడు అనాలి. ఎందుకంటే ఆ గిటారు విరిగిపోయింది, విరగ్గొట్టింది మంజీర పుట్టింటి సారె.

జరిగింది ఇదీ. రాజమండ్రిలో పెళ్ళయ్యాక రిసెప్షన్లో వాయించడానికి వంశధర్ తన ఎలక్ట్రిక్ గిటారు తెచ్చుకున్నాడు. పదేళ్ళుగా వాడుతున్న జపాన్ గిటారు. మర్నాడు సారె సామాను ఎక్కించిన వ్యానులోనే దాన్నీ పడుకోబెట్టారు. కొత్త దంపతులు ముందు సీట్లో ఉన్నారు. తుని దాటాక ఓ గోతి దగ్గర వ్యాను ఎగిరింది. నూటపదహారు కజ్జికాయలున్న ఇత్తడి డబ్బా కూడా ఎగిరింది. ఎగిరినది దిగాలి కదా, గిటారు మెడ మీద దిగింది.

"పర్లేదు. కజ్జికాయలు ఒక్కటీ విరగలేదు" అన్నాడు వంశధర్.

ఆ ఒక్క మాటతో మంజీర అతనికి పూర్తిగా పడిపోయింది. కానీ వారం తిరక్కుండా అతను ఇంకో మాట అన్నాడు. "నీ కోసం ఓ పాట కట్టాను. మాటలుండవు, వాయించేదే."

"ఏదీ, కూనిరాగం తియ్యండి!"

"నోటితో తీస్తే అది పాట కాదు. పాతదానిలాంటి గిటారు దొరికాక వినిపిస్తా."

బతిమాలింది, అలిగింది, పెసరట్టు వేసి పెట్టింది. ప్రశ్నపత్రం దాచుకున్న ఎగ్జామినరులా తల అడ్డంగా ఊపాడే తప్ప ఒక్క స్వరం బయట పెట్టలేదు. ఇంకో ఇరవై రోజుల్లో ఆషాఢం. కొత్త కోడలు అత్తవారింట ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. పాడ్యమి నాటికి వచ్చెయ్యమని రాజమండ్రి నుంచి అమ్మ అప్పుడే మూడుసార్లు ఫోను చేసింది. ఈలోగా ఆ పాట వినకపోతే నెల్లాళ్ళు తనకు నిద్ర పట్టదని మంజీర నిశ్చయించుకుంది. పెళ్ళిలో వచ్చిన చదివింపుల కవరు తీసుకుని గంటస్తంభం దగ్గర వాగ్దేవి మ్యూజికల్స్‌కి వెళ్ళింది.

అదృష్టం ఎదురుగానే ఉంది. అద్దాల బీరువాలో, వెన్నపూస రంగులో, జపాన్‌లో తయారైన ఎలక్ట్రిక్ గిటారు. బీరువా మీద బోర్డు: "విదేశీ వస్తువుల ప్రాంతీయ లభ్యతా మండలి. ఈ జిల్లాలో జపాన్ గిటార్ల లభ్యత: నూరు శాతం." పక్కన స్టూలు మీద ఖాకీ చొక్కా వేసుకున్న నడివయసు మనిషి ఒకాయన, ఒళ్ళో పొడుగాటి రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు. గోడ గడియారం పదకొండు కొట్టింది. ఆయన బీరువాలోకి తొంగి చూసి రిజిస్టర్లో రాసుకున్నాడు. "పదకొండు గంటలు: ఉన్నది."

"ఆ గిటారు ఇచ్చెయ్యండి" అంది మంజీర.

షాపు యజమాని అప్పలనర్సయ్య చేతిలో ఉన్న తబలా సుత్తి కింద పెట్టేశాడు. "ఏ గిటారు తల్లీ?"

"అదే, బీరువాలోది."

"అది అమ్మేది కాదమ్మా. ఉండేది."

"ఉన్నదేగా అమ్ముతారు?"

"ఇదివరకు అలాగే ఉండీది" అన్నాడు అప్పలనర్సయ్య, పాత రోజులు గుర్తొచ్చినట్టు. "ఇప్పుడు రూలు మారిపోనాది. జిల్లాకి ఒకటి ఇచ్చేరు. నేను మీకు అమ్మీసేననుకోండి, జిల్లాలో ఎన్నుంటాయి?"

"ఏమీ ఉండవు."

"అదీ. లభ్యత సున్నా అయిపోద్ది. రెండేళ్ళ బట్టి నూరు శాతం నిలబెట్టుకొస్తన్నాం. మీ ఒక్కరి కోసం జిల్లా పరువు తీసీమంటారేటి?"

మంజీర స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. ఆ లెక్కలో తప్పెక్కడుందో వెతికింది. బాధాకరమైన విషయం ఏమిటంటే లెక్క సరిగ్గానే ఉంది.

"పోనీ విశాఖలో కొనుక్కుంటాను."

"అక్కడా ఒకటే. పైగా ఏ జిల్లా వాళ్ళు ఆ జిల్లాలోదే కొనాలి. ఆంప్లిఫయర్లు కావాలంటే రాయలసీమకి ఇచ్చేరు. గిటారుకీ దానికీ మద్దిన వైరు కృష్ణా జిల్లాకి. ఏ ప్రాంతానికీ అన్యాయం జరక్కూడదని."

వంశధర్ దగ్గర పాత ఆంప్లిఫయరు, వైరు ఉన్నాయి కాబట్టి మంజీర ఆ రెండు ప్రాంతాలతోనూ తగువు పెట్టుకోకుండా సరాసరి మండలి కార్యాలయానికి వెళ్ళింది.

ఇక్కడ ఆ మండలి పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పుకోవాలి. విదేశాల నుంచి వచ్చే మంచి వస్తువులన్నీ ఒకటి రెండు నగరాల్లోనే దొరుకుతున్నాయనీ, మిగతా ప్రాంతాలు చిన్నబుచ్చుకుంటున్నాయనీ ఏదో సమీక్షలో ఎవరో అన్నారు. అన్నది న్యాయమైన మాటే. అందుకని మండలి పెట్టారు. మొదట ఏ వస్తువుతో ప్రారంభించాలన్న విషయం మీద మూడు రోజులు చర్చ జరిగింది. ఎవరైనా అడిగే వస్తువైతే చాలకపోవచ్చు, చాలకపోతే పథకం విఫలమైనట్టు అవుతుంది. కాబట్టి ఎవరూ అడగని వస్తువు కావాలి. అలా జపాన్ ఎలక్ట్రిక్ గిటారు ఏకగ్రీవంగా ఎన్నికయింది. రెండేళ్ళుగా ఎవరూ అడగలేదు కూడా. మంజీర మొదటి మనిషి.

జిల్లా లభ్యతాధికారి కూర్మనాథం గారు ఆమె దరఖాస్తును రెండు వేళ్ళతో పట్టుకుని చదివారు. ఆయన సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉన్నారు.

"మీ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలించదగినదే. కానీ మీరు ఈ జిల్లాలో లేరు."

"ఎదురుగా కూర్చున్నానుగా అండీ."

"భౌతికంగా. ఆధార్ ప్రకారం మీరు రాజమండ్రిలో ఉన్నారు."

పెళ్ళయ్యాక చిరునామా మార్పించుకోలేదని మంజీరకు అప్పుడు గుర్తొచ్చింది. యాభై మూడు రోజుల ఆనందాల్లో ఆధార్ కేంద్రానికి వెళ్ళడమనే ఆనందం లేదు మరి.

"ఆ సంగతి ఉంచండి. అసలు గిటారు ఎవరి కోసం పెట్టారండీ?"

"ప్రజల కోసం."

"నేను ప్రజనేగా?"

"మీరు ఒకరు. ప్రజలంటే అందరూ. అందరికీ లభ్యంగా ఉన్నదాన్ని ఒకరు తీసుకుపోతే మిగతావారికి లభ్యం కాకుండా పోతుంది. పోనీ అందరూ కలిసి రండి, ఆలోచిద్దాం."

మంజీర ఇంటికొచ్చి ఈ సంభాషణంతా అభినయించి చూపించింది. వంశధర్ నవ్వీ నవ్వీ, "పోనీలే మంజూ, ఏదో మన దేశం గిటారు తెచ్చుకుందాం. కొత్తదానికి చెయ్యి అలవాటు పడడానికి ఓ ఆర్నెల్లు పడుతుంది, అంతే" అన్నాడు. అంటూనే అతని ఎడమచేతి వేళ్ళు కుర్చీ చేతి మీద లేని తీగలు నొక్కాయి. అది మంజీర చూసింది. ఆర్నెల్లు ఆగే ప్రసక్తే లేదనుకుంది.

ఆ తర్వాత ఆమె కార్యాలయానికి పోయినన్ని సార్లు కూరగాయలకు కూడా పోలేదు. వెళ్ళినప్పుడల్లా దారిలో షాపు ముందు ఆగేది. స్టూలు మీద కూర్చునే ఆయన పేరు సింహాచలం అనీ, ఆయన ఉద్యోగం "లభ్యతా పరిరక్షకుడు" అనీ తెలిసింది. రోజూ గిటారును మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. తుడిచేటప్పుడు తీగలకు తగలకుండా జాగ్రత్త పడతాడు.

"ఎప్పుడైనా దాని చప్పుడు విన్నారా బాబాయిగారూ?"

"లేదమ్మ. మోగితే తీగలు అరిగిపోతాయంట. అరిగిపోతే తొంబై తొమ్మిది శాతం అయిపోద్దని సార్ సెప్పేరు." గొంతు తగ్గించి మళ్ళీ అన్నాడు, "ఎలాగుంటాదో అని నాకూ ఉందనుకోండి."

ఆషాఢం ఇంకా వారం ఉందనగా అమ్మ మళ్ళీ ఫోను చేసింది. "ఏమే, బట్టలు సర్దుకున్నావా? మీ అత్తగారు ఏమీ అనుకోరు కదా, కోడలు లేదని?" "ఎందుకనుకుంటారమ్మా, ఎక్కడికి పోతాను? నెల్లాళ్ళు పుట్టింట్లో ఉన్నా ఆ ఇంటి కోడల్నేగా" అని ఫోను పెట్టేసి, మంజీర అక్కడే నిలబడిపోయింది. తర్వాత చెప్పులేసుకుని ఒక్క పరుగున కూర్మనాథం గారి గదిలో తేలింది.

"సార్, మీ అబ్బాయికి పెళ్ళయిందా?"

"పోయిన ఏడాది" అన్నారాయన అనుమానంగా.

"మరి ఆషాఢంలో మీ కోడలు పుట్టింటికి వెళ్ళిందా?"

"వెళ్ళకుండా ఎలా ఉంటుంది?"

"ఆ నెల మీ ఇంట్లో కోడళ్ళ లభ్యత ఎంత శాతం సార్?"

కూర్మనాథం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంట్లో కోడలు లేదని ఆయన ఒప్పుకోలేరు. భార్య వింటే ఊరుకోదు. "నూరు శాతమే" అన్నారు నెమ్మదిగా. "ఆవిడ ఉన్నట్టే లెక్క."

"గిటారు కూడా ఓ నెల్లాళ్ళు వెళ్ళొస్తే?"

పాతికేళ్ళ సర్వీసులో కూర్మనాథం గారికి ఇంత అందమైన ఫైలు తగల్లేదు. బెల్లు కొట్టి తెల్ల కాగితం తెప్పించి స్వయంగా రాశారు. "విషయము: జిల్లా గిటారును ఆషాఢ ప్రాతిపదికన పుట్టింటికి పంపుట గురించి."

రాస్తూ రాస్తూ పుట్టిల్లు అన్న చోట ఆగారు. "దీని పుట్టిల్లు ఎక్కడ?"

"జపాన్" అనేసింది మంజీర, అని నాలిక్కరుచుకుంది.

"అవును కదా!" కూర్మనాథం గారి ముఖం వెలిగిపోయింది. "దిగబెట్టి రావడానికి బాధ్యత గల అధికారి ఒకరు వెంట వెళ్ళాలి. మళ్ళీ శ్రావణంలో తీసుకురావడానికీ వెళ్ళాలి. శాకాహారం దొరుకుతుందంటారా అక్కడ?"

ఫైలు ప్రధాన కార్యాలయానికి వెళ్ళింది. కూర్మనాథం గారు పాస్‌పోర్టు ఫోటోలు తీయించుకున్నారు. మంజీర మనసు పాడు చేసుకుంది. పాడ్యమికి రెండు రోజుల ముందు జవాబు వచ్చింది. కూర్మనాథం గారు దాన్ని దిగులుగా చదివి వినిపించారు.

"ఆషాఢ ప్రాతిపదిక సూత్రరీత్యా ఆమోదించడమైనది. అయితే జపాన్ దేశము మండలి పరిధిలో లేనందున, దరఖాస్తుదారు పుట్టింటినే సదరు గిటారు పుట్టిల్లుగా భావించవలెను. దరఖాస్తుదారు తనతోపాటు దానిని తీసుకుపోవలెను."

మంజీర ఎగిరి గంతేసి, దిగేలోపు సగంలో ఆగిపోయింది. దరఖాస్తుదారు తను. తన పుట్టిల్లు రాజమండ్రి. అంటే తనూ గిటారూ నెల్లాళ్ళు రాజమండ్రిలో, వాయించే మనిషి విజయనగరంలో. అతను అత్తగారి గడప తొక్కకూడదు. నెల తిరిగాక గిటారు మళ్ళీ అద్దాల బీరువాలోకి.

"వంశీ గారూ, నేను పొరపాటు చేశాను" అంది ఇంటికొచ్చి, ఏడుపు గొంతుతో.

వంశధర్ ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. "గడప తొక్కకూడదు అన్నారు కదా. గడప ఎక్కడుంటుంది?"

"గుమ్మంలో."

"కిటికీకి ఉంటుందా?"

సింహాచలం గిటారును తన కూతుర్ని పంపినట్టే పంపాడు. పెట్టెలో పెట్టి, మీద దుప్పటి కప్పి, స్టేషనుకు వచ్చి రైలు ఎక్కించాడు. "జాగర్తమ్మ. ఎండ తగలనీకండి." ఖాళీ బీరువాలో కూర్మనాథం గారు అందమైన అక్షరాలతో ఓ అట్ట పెట్టించారు. "గిటారు పుట్టింటికి వెళ్ళినది. లభ్యత: నూరు శాతం."

ఆషాఢంలో మొదటి ఆదివారం సాయంత్రం వంశధర్ రాజమండ్రిలో దిగాడు. చేతిలో పాత ఆంప్లిఫయరు. అత్తగారింటి ముందు వీధిలో, పిట్టగోడకు ఆనించి వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మంజీర ముందుగది కిటికీ ఊచల్లోంచి ఆంప్లిఫయరు కరెంటు వైరు లాగి లోపల ప్లగ్గులో పెట్టింది. గిటారును మాత్రం తనే గుమ్మంలోంచి తీసుకెళ్ళి అతని ఒళ్ళో పెట్టింది.

"అల్లుడు వచ్చాడంటే ఊళ్ళో ఏమనుకుంటారే!" అని అమ్మ కంగారు పడింది.

మంజీర మామ్మకు ఎనభై రెండేళ్ళు. శాస్త్రాలన్నీ ఆవిడ నోట్లో ఉంటాయి. గుమ్మం దాకా వచ్చి కళ్ళు చికిలించి, గడప వైపూ కిటికీ వైపూ మార్చి మార్చి చూసింది. "ఇంట్లోకి వచ్చింది వైరేగా. వైరు అల్లుడెలా అవుద్దే? వాయించు బాబూ."

వీధిలో జనం మూగారు. ఎదురింటి వాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు. వంశధర్ తీగలు సరిచేసుకుని, మంజీర వైపు ఒకసారి చూసి, మొదటి స్వరం కొట్టాడు.

అది "టంగ్" మని మోగింది, బరువుగా, ఏదో పైనుంచి పడ్డట్టు. వెంటనే ఆ మోత చిన్న చిన్న ముక్కలుగా విడిపోయింది. ఆ ముక్కలు ఒకదాన్నొకటి తరుముకున్నాయి, ఒక గోతిలో ఎగిరాయి, కిలకిలమన్నాయి, చివరకు అన్నీ వచ్చి మళ్ళీ ఆ మొదటి మోత ఒళ్ళో పడ్డాయి. మధ్యలో ఎక్కడో కాస్త తగ్గిన గాంధారం వినిపించి మంజీర ఫక్కున నవ్వింది. నవ్వుతూనే, మొదటి మోత ఏమిటో తెలిసి నవ్వు ఆపేసింది.

"అది మా కజ్జికాయల డబ్బా!"

"తుని దగ్గర" అన్నాడు వంశధర్, చెయ్యి ఆపకుండా. "అది పడగానే మొదలయింది పాట. మిగతాది నువ్వు మాట్లాడుతుంటే వచ్చింది."

ఆ డబ్బా చప్పుడు తలుచుకుని ఇన్నాళ్ళూ తను ఒకలా ఉలిక్కిపడింది, అతను ఇంకోలా ఉలిక్కిపడ్డాడన్నమాట. మంజీరకు ఒక్కసారిగా గుండె నిండిపోయింది. కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని, రెండోసారి, మూడోసారి వాయించమంది.

మూడోసారి పూర్తయ్యాక జనంలోంచి ఓ ఆవిడ ముందుకు వచ్చింది. చేతిలో ఫైలు, ముఖంలో గాభరా. ఈ జిల్లా లభ్యతాధికారిణి సత్యవేణి గారు. పాట అయ్యేదాకా ఆగారంటే సంస్కారం గల మనిషేనని ఒప్పుకోవాలి.

"ఆ గిటారు విజయనగరం నుంచి వచ్చినదేనా అండీ? ఎంత పని చేశారండీ! మా షాపులో ఒకటుంది, ఇదొకటి. మా జిల్లా లభ్యత రెండు వందల శాతం అయిపోయింది!"

"మంచిదేగా అండీ" అంది మంజీర.

"మంచిదేంటండీ! నూరు దాటితే అది లభ్యత కాదు, పక్షపాతం. మిగతా జిల్లాల వాళ్ళు నన్ను బతకనిస్తారా? నెలాఖరు నివేదికలోగా దీన్ని తగ్గించాలి."

"వెనక్కి పంపేద్దామా?" అన్నాడు వంశధర్ దిగులుగా.

"ఆషాఢం అవ్వకుండా అత్తవారింటికి ఎలా పంపుతారు? పైవాళ్ళ ఉత్తర్వు కూడాను." సత్యవేణి గారు ఫైలు తిరగేశారు. పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. అవి ఇంతకుముందు ఎవరూ తెరవలేదు. "పద్నాలుగో నిబంధన. ఒక జిల్లాలో వస్తువు నూరు శాతానికి మించినచో, మిగులును ఆ జిల్లా నివాసికి తక్షణం విక్రయించవలెను. కానీ ఈ ఊళ్ళో జపాన్ గిటారు ఎవరు కొంటారండీ? ఆదివారం పూట ఎక్కడని వెతకను?"

మంజీర లోపలికి పరుగెత్తింది. చదివింపుల కవరూ ఆధార్ కార్డూ పట్టుకుని వచ్చింది. కార్డు మీద రాజమండ్రి చిరునామా, వీధి పేరుతో సహా, చక్కగా ఉంది.

అప్పలనర్సయ్యకు ఫోను చేసి చెప్పారు. "అమ్మీసేరా?" అన్నాడు. "నిజంగా అమ్ముడైపోనాదా?" ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

శ్రావణంలో మంజీర విజయనగరం తిరిగి వచ్చింది. వచ్చిన మర్నాడే కాస్త భయపడుతూ షాపుకు వెళ్ళింది. అక్కడ కూర్మనాథం గారు ఉన్నారు. ఆయన కనపడగానే రసీదు తీసి చూపించబోయింది. ఆయన చేత్తో వారించారు.

"అవన్నీ మా దృష్టికి తేవద్దమ్మా. గిటారు వెళ్ళినట్టు నా దగ్గర కాగితం ఉంది. తిరిగి రావాలని ఎవరూ కాగితం ఇవ్వలేదు. పుట్టింట ఉన్నంతకాలం అది మనదే." ఖాళీ బీరువా వైపు తృప్తిగా చూశారు. "పైగా ఇప్పుడు దుమ్ము పట్టదు, తీగలు అరగవు, దొంగల భయం లేదు. ఇంత భద్రమైన లభ్యత ఏ జిల్లాలోనూ లేదని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. ఇదే పద్ధతి అన్ని జిల్లాలకూ పెట్టమంటున్నారు."

ఆయన వెళ్ళాక సింహాచలం స్టూలు దగ్గరకు జరుపుకున్నాడు. చేతిలో అదే మెత్తటి గుడ్డ ఉంది. అద్దం మీద లేని మరకను తుడుస్తున్నాడు.

"అమ్మా, మోగిందా అది?"

"మోగింది బాబాయిగారూ."

"ఎలాగుంది?"

మంజీర ఎలా చెప్పాలో ఆలోచించింది. బ్యాగులోంచి టిఫిను డబ్బా తీసి, అందులోంచి ఓ కజ్జికాయ ఆయన చేతిలో పెట్టింది. మూతను డబ్బా అంచుకేసి ఒక్కసారి కొట్టింది. "టంగ్ మని మొదలవుతుంది. ఆదివారం మా ఇంటికి రండి, మిగతాది మీరే విందురు గాని."

గోడ గడియారం పదకొండు కొట్టింది. సింహాచలం కజ్జికాయ తిన్న చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని, అలవాటు ప్రకారం బీరువాలోకి తొంగి చూశాడు. తర్వాత రిజిస్టరు తెరిచి నిదానంగా రాశాడు.

"పదకొండు గంటలు: బాగున్నది."